నిప్పు వేగం, నిచ్చెన పొడవు

2019 మే 24, శుక్రవారం మధ్యాహ్నం నాలుగు గంటల ప్రాంతంలో సూరత్‌లోని సర్థాణా జకాత్ నాకా దగ్గర తక్షశిల ఆర్కేడ్ అనే వాణిజ్య భవనం అంటుకుంది. అన్నిటికన్నా పైన, డాబా మీద తాత్కాలిక కప్పు వేసి నడుపుతున్న కోచింగ్ తరగతిలో చిక్కుకుని 22 మంది విద్యార్థులు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు. కొందరిని పొగ, మంట పొట్టన పెట్టుకున్నాయి. కొందరు వేడికి తాళలేక కిందికి దూకి ప్రాణాలు పోగొట్టుకున్నారు. మరునాడే గుజరాత్ బోర్డు పన్నెండో తరగతి ఫలితాలు వచ్చాయి. చనిపోయిన పిల్లల్లో ముగ్గురు అందులో పాసయ్యారు.

సర్థాణా వరాఛా ప్రాంతానికి తూర్పు కొస. వరాఛా మెయిన్ రోడ్డు కాపోద్రా దాటి, నానా వరాఛా మీదుగా ఈ నాకా దాకా వచ్చి కామ్రేజ్ వైపు సాగిపోతుంది. రోడ్డుకు అటూ ఇటూ వజ్రాలు సానబట్టే కార్ఖానాలు, ఎంబ్రాయిడరీ యూనిట్లు, కింద దుకాణాలు, పైన ట్యూషన్లు. సౌరాష్ట్ర నుంచి వచ్చి స్థిరపడ్డ పటేళ్లు ఇక్కడ ఎక్కువ. ఇదే నగరంలో లింబాయత్ వైపు వెళ్తే కరీంనగర్, నల్లగొండ, వరంగల్ నుంచి మగ్గాల పనికి వచ్చిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వాళ్ల పిల్లల కోసం సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమ బడులు కూడా నడుపుతోంది. బట్ట, నూలు, రంగులు, ప్యాకింగ్ అట్టలు నిండిన ఊరు కాబట్టి నిప్పు ఇక్కడ అందరికీ సంబంధించిన విషయం.

వేగంగా ముదిరే మంటను ఎదుర్కోవడంలో అగ్నిమాపక సిబ్బందికి ఉండే మొదటి శత్రువు గడియారం. పాత ఇళ్లలో చెక్క, నూలు, కొబ్బరి పీచు మెల్లగా కాలేవి. ఇప్పటి గదుల్లో ఫోమ్ సోఫాలు, ప్లాస్టిక్ కుర్చీలు, థర్మోకోల్ సీలింగ్, ఫ్లెక్సీలు, రెగ్జిన్ ఉంటాయి. ఇవన్నీ పెట్రోలియం నుంచి పుట్టినవే. రెండు రకాల గదుల్నీ పక్కపక్కనే కట్టి నిప్పంటించి చూసిన అమెరికా ప్రయోగాల్లో పాతకాలపు సామాను ఉన్న గది పూర్తిగా అంటుకోవడానికి దాదాపు అరగంట పట్టింది. కొత్త సామాను ఉన్న గది అయిదు నిమిషాల్లోపే నిలువునా మండింది. గది పైభాగంలో పేరుకున్న వేడి పొగ 500 నుంచి 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరగానే గదిలో ఉన్న ప్రతి వస్తువూ ఒక్కసారిగా భగ్గుమంటుంది. దీన్ని ఫ్లాష్ ఓవర్ అంటారు. ఆ క్షణం దాటాక, రక్షణ దుస్తులు లేని మనిషి ఆ గదిలోంచి బతికి బయటపడడం జరగదు. అందుకే లోపల ఉన్నవారిని కాపాడాలంటే ఫ్లాష్ ఓవర్‌కు ముందే చేరాలి, లేదా అది వచ్చేలోపు వాళ్లే బయటికి రాగలగాలి.

మంట కంటే ముందు పొగ వస్తుంది. అగ్నిప్రమాదాల్లో చనిపోయేవారిలో ఎక్కువమందిని తీసుకెళ్లేది కూడా పొగే. అందులోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ప్రాణవాయువు ఉండాల్సిన చోటును ఆక్రమిస్తుంది. మనిషికి ఊపిరి ఆడుతున్నట్టే ఉంటుంది, కానీ తల తిరిగి, కాళ్లు పట్టు తప్పి, తలుపుకు నాలుగడుగుల దూరంలో కూలబడతాడు. పొగ అడ్డంగా కదలడం నెమ్మదే. నిలువు దారి దొరికితే మాత్రం సెకనుకు రెండు నుంచి నాలుగు మీటర్ల దాకా ఎగబాకుతుంది. మెట్ల దారి, లిఫ్టు గొయ్యి, కేబుళ్లు పోయే సందు, ఇవన్నీ దానికి పొగగొట్టాలు. నాలుగంతస్తుల మెట్లెక్కడానికి మనిషికి ఒక నిమిషం పడితే పొగకు కొన్ని సెకన్లు చాలు.

తక్షశిలలో జరిగింది అచ్చంగా ఇదే. విద్యుత్ షార్ట్ సర్క్యూట్‌తో మెట్ల పక్కన మంట మొదలైందని, ఏసీ యంత్రం దగ్గర అంటుకుందని అప్పటి ప్రాథమిక విచారణ చెప్పింది. పై అంతస్తుకు పోయే చెక్క మెట్లు కాలిపోయాయి. పిల్లలకు వేరే దారి లేదు. డాబా మీది గది తలెత్తితే తగిలేంత తక్కువ ఎత్తులో ఉండడంతో కుర్చీల బదులు టైర్ల మీద కూర్చోబెట్టేవారని వార్తలు వచ్చాయి. కప్పు థర్మోకోల్, ఫ్లెక్సీ లాంటి తేలికగా అంటుకునే సరుకు. అంటే కింద మెట్ల దగ్గర నిప్పు, ఆ నిప్పును పైకి మోసే మెట్ల దారి, పైన కాలడానికి సిద్ధంగా ఉన్న కప్పు, కూర్చున్న చోట రబ్బరు. ఈ నాలుగూ ఒకే భవనంలో కలిశాక ఫైరింజన్ ఎంత త్వరగా వచ్చినా దాని చేతిలో మిగిలేది చాలా తక్కువ. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి పైకప్పుగా వేసిన ఎండుటాకులు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. పదిహేనేళ్ల తర్వాత ఎండుటాకుల స్థానంలో ఫ్లెక్సీ వచ్చింది.

ఫోన్ మోగినప్పటి నుంచి సిబ్బంది పని ఎలా సాగుతుందో వరసగా చూస్తే ఈ నిమిషాల విలువ తెలుస్తుంది. 101కు గానీ 112కు గానీ కాల్ రాగానే కంట్రోల్ రూమ్‌లో ఉన్నవారు మూడు సంగతులు రాబట్టడానికి చూస్తారు: ఎక్కడ, ఏం కాలుతోంది, లోపల మనుషులున్నారా. మూడో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఏ బండి కదలాలో తేలుతుంది. చెత్తకుప్పకైతే ఒక వాటర్ టెండర్ సరిపోతుంది. పై అంతస్తులో మనుషులున్నారంటే నీళ్ల బండితోపాటు రెస్క్యూ బండి, పొడవాటి నిచ్చెన బండి, అంబులెన్స్ అన్నీ ఒకేసారి బయల్దేరాలి. కంగారులో ఫోన్ చేసేవారు 'మంట, మంట, తొందరగా రండి' అని పెట్టేస్తారు. అలాంటప్పుడు మొదటి బండి వెళ్లి చూసి, వైర్‌లెస్‌లో చెబితేగానీ పెద్ద నిచ్చెన కదలదు. ఆ ఒక్క విరామమే ప్రాణాంతకం కావచ్చు. గుజరాత్ నగరాల్లో ఒక స్టేషన్‌తో కాని మంటను మేజర్ కాల్ అని, నగరంలోని స్టేషన్లన్నీ కదలాల్సి వస్తే బ్రిగేడ్ కాల్ అని ప్రకటిస్తారు. తక్షశిలకు చివరికి 19 ఫైరింజన్లు, రెండు హైడ్రాలిక్ ప్లాట్‌ఫారాలు వచ్చాయి. సంఖ్యకు లోటు లేదు. ఏ బండి ఎప్పుడు వచ్చిందన్నదే అసలు ప్రశ్న.

మొదటి బండి దిగగానే అధికారి చేసే పని హోస్ పైపు లాగించడం కాదు, చూడడం. వీలైతే భవనం చుట్టూ తిరిగి, లేకపోతే మూడు పక్కల నుంచైనా చూస్తాడు. పొగ ఏ రంగులో ఉంది, ఎంత ఒత్తిడితో వస్తోంది, ఏ కిటికీల్లో మనుషులు కనిపిస్తున్నారు, కరెంటు తీగలు ఎటున్నాయి, వెనక సందు ఉందా. నల్లగా, దట్టంగా, తోసుకుంటూ వచ్చే పొగ ఫ్లాష్ ఓవర్ దగ్గర పడిందనడానికి గుర్తు. ఈ పరిశీలనకు పట్టేది ఒకటి రెండు నిమిషాలే అయినా జనం దాన్ని సహించరు. 'ఏం చూస్తూ నిలబడ్డారు' అని తిడతారు. నిజానికి ఆ రెండు నిమిషాలు చూడకుండా లోపలికి దూకిన బృందాలే తర్వాత తమవాళ్ల కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

చూశాక వరస నిర్ణయిస్తారు. ముందు ప్రాణాలు, తర్వాత పక్క భవనాలకు పాకకుండా ఆపడం, తర్వాత మంటను ఉన్నచోటే కట్టడి చేయడం, ఆపైన ఆర్పడం. ఆర్పడం నాలుగో స్థానంలో ఉండడం చాలామందికి వింతగా అనిపిస్తుంది. అయితే ఒక్కోసారి ప్రాణాలు కాపాడే అతి దగ్గరి దారి మంట మీద నీళ్లు కొట్టడమే అవుతుంది. మెట్ల దగ్గర మంటను రెండు నిమిషాల్లో అణచివేస్తే పై అంతస్తుల వాళ్లంతా నడిచి దిగొచ్చేస్తారు. నలుగురే ఉన్న బృందం నిచ్చెన వేయాలా, పైపు లాగాలా అన్నది ఆ వృత్తిలో అన్నిటికంటే కష్టమైన నిర్ణయం.

పదుల బండ్లు, వందల మంది వచ్చినప్పుడు ఎవరి మాట ఎవరు వినాలన్నది మరో సమస్య. దీనికి ఇప్పుడు చాలా దేశాలు వాడుతున్న పద్ధతి అడవి మంటల్లో పుట్టింది. 1970 శరదృతువులో కాలిఫోర్నియా అడవులు పదమూడు రోజులు కాలి 16 మంది చనిపోయారు, 700 కట్టడాలు బూడిదయ్యాయి. అనేక శాఖల సిబ్బంది వచ్చినా ఒకరి రేడియో ఇంకొకరికి అందలేదు, ఒకరు వాడే పదం ఇంకొకరికి అర్థం కాలేదు. ఆ గందరగోళం మీద జరిగిన పరిశీలనలోంచి ఒకే కమాండర్, ఒకే పరిభాష, ఒక్కో అధికారి కింద ఏడుగురికి మించని బృందం అనే ఏర్పాటు తయారైంది. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ పేరుతో దాన్ని మన జిల్లా యంత్రాంగానికి తగినట్టు మలిచి మార్గదర్శకాలు ఇచ్చింది. కలెక్టరు, పోలీసు, ఫైరు, వైద్యం, కరెంటు శాఖ ఒకే గొడుగు కిందికి రావాలన్నది దాని సారాంశం. కాగితం మీద ఉన్న ఈ పద్ధతి మన ఊళ్లలో అగ్నిప్రమాదం దగ్గర అలవాటుగా మారిందని చెప్పడం కష్టం. మంత్రులు, నాయకులు వచ్చాక ఆదేశాలిచ్చేవాళ్లు పెరుగుతారు, కమాండర్ గొంతు వినపడదు.

ఇక నిచ్చెన. మామూలు ఫైరింజన్ మీద ఉండే ఎక్స్‌టెన్షన్ నిచ్చెన సాధారణంగా 35 అడుగులు, అంటే పదిన్నర మీటర్లు. దాన్ని గోడకు ఆనించేటప్పుడు ప్రతి నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున మొదలును గోడకు దూరంగా పెట్టాలి. అప్పుడు అది అందుకునే ఎత్తు పది మీటర్ల దాకా. మూడో అంతస్తు కిటికీ వరకు సరే. నాలుగో అంతస్తు మీద, డాబా మీద ఉన్నవారికి అది అందదు. అక్కడ కావాల్సింది యంత్రంతో లేచే టర్న్‌టేబుల్ నిచ్చెన గానీ హైడ్రాలిక్ ప్లాట్‌ఫారం గానీ. ఇవి కోట్ల ఖరీదు చేసే బండ్లు. హైదరాబాద్‌లో ఉన్న బ్రాంటో స్కైలిఫ్ట్ 54 మీటర్ల ఎత్తుకు లేస్తుంది. కానీ అలాంటి బండి నిలబడాలంటే నాలుగు వైపులా కాళ్లు చాపుకునేంత వెడల్పు, దాని బరువును మోసే గట్టి నేల, పైన తీగలు లేని ఆకాశం ఉండాలి. నగరం మొత్తానికి ఒకటో రెండో ఉంటాయి కాబట్టి అవి ఎక్కడో ఒక స్టేషన్‌లోనే ఉంటాయి. సాయంత్రం ట్రాఫిక్‌లో వరాఛా రోడ్డు మీద అంత పెద్ద బండి రావడానికి ఎంతసేపు పడుతుందో సూరత్‌వాసులెవరైనా చెప్పగలరు.

తక్షశిల దగ్గర ముందు వచ్చిన బండి నిచ్చెన పిల్లలున్న చోటికి చేరలేదు. పొడవాటి నిచ్చెన బండి చాలాసేపటికి గానీ రాలేదు. దూకేవారిని పట్టడానికి వల, గాలి పరుపు లాంటివీ అప్పటికి అందుబాటులో లేవు. ఈ మధ్యలో భవనం ముఖాన పిట్టగోడల అంచులు, బోర్డుల చట్రాలు పట్టుకుని పిల్లలు కిందికి జారడం దేశమంతా టీవీల్లో చూసింది. ఒక స్థానిక యువకుడు వెలుపలి అంచు మీద నిలబడి, జారుతున్న పిల్లల్ని ఒక్కొక్కరినే ఒడిసి పట్టి కింది అంచుకు దించాడు. ఆ దృశ్యంలో ఒక పాఠం ఉంది. అతని దగ్గర పరికరం లేదు, సమయానికి అక్కడున్నాడు. వేగంగా ముదిరే మంటలో మొదటి సహాయకులు దాదాపు ఎప్పుడూ ఇరుగుపొరుగువారే. అదే సమయంలో కింద వందలమంది ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తూ నిలబడ్డారన్న ఆవేదన కూడా నగరంలో చాలాకాలం వినిపించింది. పక్క దుకాణాల్లోంచి పరుపులు, టార్పాలిన్లు తెచ్చి పరిచి ఉంటే కొన్ని ప్రాణాలైనా దక్కేవేమోనన్న బాధ అది.

లోపలికి వెళ్లే సిబ్బంది పని వేరు. బీఏ సెట్ అని పిలిచే శ్వాస పరికరం వీపున తగిలించుకుంటారు. సిలిండర్‌లో గాలి లెక్క ప్రకారం ముప్పావుగంటకు సరిపోవాలి. మెట్లెక్కుతూ, బరువు లాగుతూ, వేడిలో ఆయాసపడే మనిషికి అందులో సగమే వస్తుంది. గాలి అడుగంటుతుంటే పరికరం దానంతటదే విజిల్ వేస్తుంది. అది మోగేదాకా ఆగితే ఆలస్యమే. వెళ్లిన దూరం తిరిగి రావడానికి సరిపడా గాలి మిగిలి ఉండగానే వెనుదిరగాలి. ఎప్పుడూ ఇద్దరికి తక్కువ కాకుండా వెళ్తారు. ఒకరు ఒక చేయి గోడకు ఆనించి మోకాళ్ల మీద పాకుతుంటే రెండోవారు మొదటివారి కాలో, తాడో పట్టుకుని గది మధ్యభాగం తడుముతారు. కుడిచేతి గోడ పట్టుకుని లోపలికి పోతే, బయటికొచ్చేటప్పుడు అదే గోడ ఎడమచేతికి దొరకాలి. కళ్లకు ఏమీ కనిపించదు కాబట్టి ఇదే వాళ్ల దారి. పిల్లలు భయంతో మంచాల కింద, బీరువాల వెనక, బాత్‌రూముల్లో దాక్కుంటారు కాబట్టి అక్కడ ప్రత్యేకంగా వెతుకుతారు. బయట ఒక మనిషి బోర్డు మీద ఎవరు ఎన్ని గంటలకు లోపలికి వెళ్లారో, సిలిండర్‌లో ఎంత ఒత్తిడి ఉందో రాసుకుంటూ ఉంటాడు. ఆ బోర్డు ముందు నిలబడ్డ మనిషి ఎవరి కంటా పడడు. లోపలికి వెళ్లినవారి ప్రాణాలు మాత్రం అతని చేతిలో ఉంటాయి.

నీటి విషయంలోనూ తొందరపాటు ప్రమాదమే. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతుంది. బయట నుంచి కిటికీలోకి గుడ్డిగా నీళ్లు కొడితే ఆ ఆవిరి లోపల బతికి ఉన్నవారిని కాల్చేయగలదు. అలాగే కిటికీ అద్దాలు పగలగొట్టడం కొన్నిసార్లు పొగను బయటికి పంపి ప్రాణం పోస్తుంది, కొన్నిసార్లు మంటకు గాలి అందించి ఫ్లాష్ ఓవర్‌ను పిలుస్తుంది. ఏ అద్దం, ఎప్పుడు, ఎవరి ఆదేశం మీద పగలాలన్నది కమాండర్ నిర్ణయం. జనం ఉత్సాహంతో రాళ్లు విసిరి అద్దాలు బద్దలు కొట్టడం తరచు జరిగేదే. లోపలి బృందానికి అది మరణశాసనం కావచ్చు.

భవనం వెలుపల కూడా ఒక పోరాటం సాగుతుంది. పోలీసులు రోడ్డు ఖాళీ చేయించాలి, ఒక దారి బండ్లు రావడానికి, ఒక దారి అంబులెన్సులు పోవడానికి విడిచిపెట్టాలి. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో పసిఫిక్ పాలిసేడ్స్ కొండల మీద మంట పాకినప్పుడు జనం ట్రాఫిక్‌లో చిక్కుకుని కార్లు నడిరోడ్డు మీద వదిలి పరిగెత్తారు. ఫైరింజన్లకు దారి కోసం ఆ కార్లను బుల్‌డోజర్‌తో పక్కకు తోయాల్సి వచ్చింది. వరాఛాలో అడ్డంగా నిలిచేవి రెండు వరసల్లో నిలిపిన స్కూటర్లు, తోపుడు బండ్లు, చూడ్డానికి వచ్చిన జనం. కారణం ఏదైనా నిమిషాలు పోవడం ఒక్కటే. బయటికి తెచ్చిన క్షతగాత్రులను ఎర్ర, పసుపు, ఆకుపచ్చ గుర్తులతో వేరు చేసి, వెంటనే తీసుకెళ్తే బతికేవారిని ముందు పంపాలి. గట్టిగా ఏడ్చేవారి కంటే నిశ్శబ్దంగా పడి ఉన్నవారే తరచు ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. ఈ అంబులెన్స్ వ్యవస్థకు తెలుగునాటితో సంబంధం ఉంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవే 2007లో గుజరాత్‌కు చేరింది.

జనాన్ని ఖాళీ చేయించడంలో అన్నిటికంటే చిక్కు ప్రశ్న, దిగమనాలా ఉండమనాలా అన్నది. మెట్లదారి శుభ్రంగా ఉంటే దిగిపోవాలి, ఎవరి కోసమూ ఏ వస్తువు కోసమూ ఆగకూడదు. మెట్లలో పొగ నిండితే దిగడం అంటే ఎదురెళ్లి చావడమే. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్ రూబీ లాడ్జిలో ఎనిమిది మంది చనిపోయారు. కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూములో బ్యాటరీలు కాలిన పొగ మెట్ల గుండా పై గదులకు ఎక్కింది. 2023 మార్చి 16న అదే సికింద్రాబాద్‌లో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. మంట వాళ్లను తాకలేదు. ఇలాంటప్పుడు చేయదగింది ఒకటే. మంటకు దూరంగా, రోడ్డు వైపు కిటికీ ఉన్న గదిలోకి వెళ్లి తలుపు మూసి, సందుల్లో తడిబట్టలు కుక్కి, నేలకు దగ్గరగా కూర్చుని, కిటికీ దగ్గర రంగు బట్ట ఊపుతూ, ఏ అంతస్తులో ఏ వైపున ఉన్నామో ఫోన్‌లో చెప్పడం. మూసిన తలుపు మామూలు చెక్కదైనా కొన్ని విలువైన నిమిషాలు ఆపుతుంది. తెరిచే ముందు తలుపును చేతి వెనకభాగంతో తాకి చూడాలి. వేడిగా ఉంటే తెరవకూడదు. తక్షశిల పిల్లలకు ఈ రెండో మార్గం కూడా లేకపోయింది, ఎందుకంటే వాళ్ల తలమీద ఉన్న కప్పే మండే వస్తువు.

హెచ్చరిక ఆలస్యమైతే ఖాళీ చేయించే పథకం ఎంత మంచిదైనా పనికిరాదు. 2023 ఆగస్టు 8న హవాయి దీవుల్లోని లహైనాలో గాలికి పాకిన కార్చిచ్చు ఊరిని మింగినప్పుడు సైరన్లు ఉండి కూడా మోగలేదు. వంద మందికి పైగా చనిపోయారు. మన వాణిజ్య సముదాయాల్లో చాలాచోట్ల అలారం బటన్ గోడకు ఉంటుంది, దాని వెనక తీగ ఉందో లేదో ఎవరూ నొక్కి చూసి ఉండరు.

మనుషులు లేని భవనం కాలితే కథ ఎలా మారుతుందో సూరత్‌లోనే కనిపించింది. తక్షశిల తర్వాత ఎనిమిది నెలలకు, 2020 జనవరి 21 తెల్లవారుజామున సారోలీలోని రఘువీర్ బట్టల మార్కెట్ పది అంతస్తులకు పైగా నిలువునా అంటుకుంది. యాభైకి పైగా ఫైరింజన్లు పోరాడాయి. మంట తక్షశిలలో కంటే ఎన్నో రెట్లు పెద్దది. కానీ ఆ వేళకు దుకాణాలు తెరవలేదు కాబట్టి ఒక్క ప్రాణం పోలేదు. చావులను నిర్ణయించేది మంట సైజు కాదని, ఆ సమయంలో ఎందరు లోపల ఉన్నారు, వాళ్లకు ఎన్ని దారులున్నాయి అన్నదేనని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో రింగ్ రోడ్డు శివశక్తి మార్కెట్ ఇంకో సంగతి చూపించింది. 25న బేస్‌మెంట్‌లో మంట లేచి ఒకరు చనిపోయారు. అది అదుపులోకి వచ్చాక 26న మళ్లీ మంట లేచి ఒక రోజుకు పైగా కాలింది, వందల దుకాణాలు పోయాయి. బట్టల బేళ్ల లోపల నిప్పు కనపడకుండా రాజుకుంటూ ఉంటుంది. అందుకే ఆర్పాక కూడా బేళ్లు విప్పి, సీలింగులు పీకి, గోడల్ని తాకి చూసి గంటల తరబడి తడుపుతారు. బయట జనానికి ఇది అనవసర విధ్వంసంలా కనిపిస్తుంది. నిజానికి మంటతో పోరాటంలో అది చివరి అంకం.

తక్షశిల తర్వాత ప్రభుత్వం కదిలింది. రాష్ట్రవ్యాప్తంగా కోచింగ్ కేంద్రాలను తనిఖీల దాకా మూయించారు, అధికారుల మీద చర్యలు తీసుకున్నారు, కేసులు పెట్టారు. గుజరాత్‌కు అగ్ని నివారణ చట్టం 2013 నుంచే ఉంది. చట్టం ఉన్న రాష్ట్రంలోనే డాబా మీద థర్మోకోల్ గది లేచింది. అక్రమంగా కట్టినదాన్ని ఇంపాక్ట్ ఫీజు కట్టించుకుని సక్రమం చేసే పద్ధతి అక్కడ ఉంది. మన దగ్గర బీపీఎస్, బీఆర్ఎస్ పేర్లతో వచ్చిన భవన క్రమబద్ధీకరణ పథకాలూ అలాంటివే. రుసుము కడితే కాగితం సక్రమం అవుతుంది, మెట్లు రెండు కావు. 2024 మే 25న రాజ్‌కోట్‌లో టీఆర్పీ గేమ్ జోన్ కాలి 27 మంది చనిపోయారు. రేకుల షెడ్డు, లోపల ఇంధనం, వెల్డింగ్ పని, ఫైర్ ఎన్‌ఓసీ లేదు. తక్షశిల జరిగి సరిగ్గా అయిదేళ్ల ఒక రోజు.

తెలుగు రాష్ట్రాలు దీన్ని గుజరాత్ గొడవగా చూడడానికి లేదు. 2025 మే 18 ఆదివారం ఉదయం హైదరాబాద్ చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్‌లో ఒకే కుటుంబానికి చెందిన 17 మంది చనిపోయారు. వాళ్లలో పసిపిల్లలు ఎనిమిది మంది. ఆ ఇంటికి ఉన్నది సొరంగంలాంటి రెండు మీటర్ల వెడల్పు దారి, పైకి పోవడానికి మీటరు వెడల్పు మెట్లు. మన నిబంధనల ప్రకారం 15 మీటర్లు దాటిన వాణిజ్య భవనాలకు, 18 మీటర్లు దాటిన నివాసాలకు అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ కావాలి. బడులు, ఫంక్షన్ హాళ్ల లాంటి జనం గుమిగూడే భవనాలకైతే ఆరు మీటర్ల ఎత్తు లేదా 500 చదరపు మీటర్ల స్థలం దాటితే చాలు. కాగితం మీద దుకాణాల సముదాయంగా ఉండి, పై అంతస్తులో రెండు వందల మంది పిల్లల్ని కూర్చోబెట్టే కోచింగ్ కేంద్రం ఈ లెక్కల మధ్య సులువుగా జారిపోతుంది. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల మెట్లెక్కి చూసినవారికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

నల్లమలలో అటవీ సిబ్బంది వేసవి ముదరకముందే ఫైర్ లైన్లు తీస్తారు. ఎండుటాకులు ఊడ్చి, గడ్డి కాల్చి, మంట దాటలేని ఖాళీ పట్టీ ముందే సిద్ధం చేస్తారు. కార్చిచ్చు వచ్చాక ఆ పని చేయడం సాధ్యం కాదని వాళ్లకు తెలుసు. పట్టణంలో ఆ పని చేయాల్సింది రెండో మెట్లదారి, మంటను ఆపే తలుపు, డాబా మీదికి తాళం లేని దారి. ఫైర్ స్టేషన్ చేయగలిగినది కూడా మంటకు ముందే ఎక్కువ. తన పరిధిలోని ప్రతి కోచింగ్ సెంటర్, ఆస్పత్రి, మార్కెట్ నక్షా గీసి పెట్టుకోవడం, పెద్ద నిచ్చెన బండి ఏ సందులోకి పడుతుందో ముందే నడిపి చూడడం, పై అంతస్తులో మనుషులున్నారన్న మాట వినగానే అది మొదటి బండితోపాటే కదిలేలా ఆదేశం ఉండడం. వీటికి కోట్ల రూపాయల యంత్రాలు అక్కర్లేదు.

పిల్లల్ని కోచింగ్‌లో చేర్చడానికి వెళ్లే తల్లిదండ్రులు ఫీజు, ర్యాంకుల సంగతి మాట్లాడే ముందు ఒక్కసారి తరగతి గదిదాకా మెట్లెక్కి చూడాలి. దిగడానికి రెండో దారి ఉందా, ఆ దారిలో అట్టపెట్టెలు, జనరేటర్, కరెంటు బోర్డులు ఉన్నాయా, కిటికీలకు తెరవరాని గ్రిల్స్ బిగించారా, కప్పు దేనితో వేశారు. ఇందులో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా అక్కడ చేర్చకండి, స్థానిక ఫైర్ స్టేషన్‌కు రాసివ్వండి. మంట కనిపిస్తే 101కు గానీ 112కు గానీ ఫోన్ చేసి, చిరునామాతోపాటు లోపల ఎంతమంది, ఏ అంతస్తులో ఉన్నారన్నది మొట్టమొదటే చెప్పండి.